ఏసీ గదిలో పడుకుంటే పొద్దున్నే తలనొప్పి.. ఎందుకు?

ప్రశ్న: విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. పది బై పన్నెండు అడుగుల పడకగదిలో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు పడుకుంటాం. దోమల భయంతో కిటికీ మూసేసి, కాయిల్ పెట్టి, రాత్రంతా ఏసీ వేస్తాం. లేచేసరికి నాకు తలనొప్పి. ఆఫీసుకు వెళ్లాక తగ్గిపోతుంది. చిన్నబాబుకు పొద్దున్నే ఒకటే తుమ్ములు. ఏసీ మాకు పడట్లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆఫీసుకు వెళ్లాక తగ్గుతోందంటే ముందు అనుమానించాల్సింది మీ పడకగది గాలినే. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. బయట 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) ప్రాంతంలో ఉండే కార్బన్ డయాక్సైడ్, నలుగురు పడుకున్న మూసిన గదిలో తెల్లవారేసరికి 2000 దాటిపోవచ్చు. దానివల్ల ప్రాణానికి ముప్పేమీ లేదు, కానీ నిద్ర చెడుతుంది, తల దిమ్ముగా ఉంటుంది. దానికి తోడు కాయిల్ పొగ! అది ఈ రాత్రి నుంచే మానేయండి.

బాబు తుమ్ములకు పరుపులోని డస్ట్ మైట్స్ (కంటికి కనిపించని దుమ్ము పురుగులు), చెమ్మగోడల బూజు కారణం కావచ్చు. మీ ఊరి ఉక్కకు, గాలాడని గదిలో ఈ రెండూ బాగా పెరుగుతాయి. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. ఏసీ ఫిల్టర్ కూడా తరచూ కడగాలి.

ఉక్కపోత ప్రాంతాల్లో తలుపులు కాకుండా, కిటికీలు, వెంటిలేటర్లు కలిపి గది వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతోంది. మీ గదికి అది 20 చదరపు అడుగులు. నాలుగు బై నాలుగు స్లైడింగ్ కిటికీ ఉన్నా సగమే తెరుచుకుంటుంది కాబట్టి గాలి వచ్చేది 8 చదరపు అడుగుల్లోంచే. అద్దె ఇంట్లో గోడలు పగలగొట్టలేరు కదా, కిటికీకి దోమల మెష్ వేయించి రాత్రంతా జానెడు తెరిచి ఉంచండి. కరెంటు బిల్లు కాస్త పెరిగితే పెరగనివ్వండి. పొద్దున, సాయంత్రం తలుపు, కిటికీ రెండూ బార్లా తెరవండి.

మీరు రాయలేదు గానీ, బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే వెంటనే బయటికి మార్పించండి. దాన్నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిమిషాల్లో స్పృహ తప్పిస్తుంది.

రెండు వారాల్లో తలనొప్పి తగ్గకపోతే బీపీ చూపించుకోండి. గట్టిగా గురక పెడతారని ఇంట్లోవాళ్లు అంటుంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి. బాబుకు పిల్లికూతలు, రాత్రి దగ్గు ఉంటే మాత్రం ఆగకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.