జబ్బు సంగతి పాపకు చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలింది. మొదటి నెల కీమో అయ్యాక చేసిన మూలుగ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనిపించలేదన్నారు. అయినా ఇంకా రెండేళ్లకు పైగా మందులు వాడాలట. సంతోషిద్దామంటే మళ్లీ తిరగబెడుతుందేమోనని భయం. పాపకు ఏమీ చెప్పలేదు. మొన్న, ‘నేను అల్లరి చేస్తున్నాననే సూదులు వేస్తున్నారా?’ అని అడిగింది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి

జవాబు: ముందు మీ పాప ప్రశ్న సంగతి చూద్దామమ్మా. మిగతావాటికి ఒకటి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు, దీనికి ఆగకూడదు. ఆ వయసు పిల్లలు ఇంట్లో ఏం జరిగినా తమ వల్లే అనుకుంటారు. మీరు పక్కగదిలో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చినా పసిగడతారు. ఎవరూ నోరు విప్పకపోతే తమకు తోచిన కారణం తామే అల్లుకుంటారు. అది చాలాసార్లు అసలు విషయం కంటే భయంకరంగా ఉంటుంది.

ఇవాళే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: ‘నీ రక్తంలో కొన్ని కణాలు పాడయ్యాయి. ఆ జబ్బు పేరు లుకేమియా. నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు, ఎవరి వల్లా రాలేదు. అది పోవడానికే ఈ మందులు.’ అంతకుమించి అడిగితే అడిగినంతే చెప్పండి. సూది వేసేటప్పుడు మాత్రం ‘నొప్పి ఉండదు’ అనకండి. ‘చురుక్కుమంటుంది, నేను చెయ్యి పట్టుకుంటా’ అనండి. ఒకసారి అబద్ధమని తేలితే ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మదు.

ఎవరి వల్లా రాలేదన్న మాట మీకూ వర్తిస్తుంది. మీరు అడగలేదు గానీ, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నాను, ఏం చేశాను అని తవ్వుకోని తల్లి అరుదు. చాలామంది పిల్లల్లో ఈ జబ్బుకు ఫలానా కారణమంటూ దొరకదు.

ఇక ఆశ విషయం. 1960ల మొదట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికి బట్టకట్టడమే అరుదు. ఇప్పుడు పూర్తి వైద్యం అందే దేశాల్లో సుమారు 90 శాతం మంది నిలబడుతున్నారు. మీ పాప లెక్క ఇంకొంచెం కచ్చితంగా తెలియాలంటే ‘ఎంఆర్‌డీ ఫలితం ఎలా ఉంది?’ అని మీ డాక్టర్‌ను అడగండి. పదివేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణం మిగిలినా పట్టుకోగల పరీక్ష అది. మామూలు పరీక్షకు అందకుండా నక్కినవాటి కోసమే రెండేళ్ల మందులు. పాప హుషారుగా ఉంది కదా అని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. మీ భయం అక్కరకొచ్చేది అక్కడే.

జ్వరం విషయంలోనూ అంతే. కీమో నడుస్తుండగా వచ్చే జ్వరం జబ్బు తిరగబెట్టిందనడానికి గుర్తు కాదు, చాలావరకు ఇన్ఫెక్షన్ వల్లే. కానీ తెల్లకణాలు తగ్గి ఉంటాయి కాబట్టి గంటల్లో ముదరగలదు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి బయల్దేరండి. వాళ్లను అడగకుండా పారాసెటమాల్ వేయకండి, జ్వరం తగ్గినట్లు కనిపించి మోసపోతాం. వాళ్ల అత్యవసర నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.