ఆ స్క్రీన్ ఎవరూ సరదాకి తెరవరు

ప్రశ్న: మేం నలుగురం కలిసి విండోస్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రోగ్రాములన్నీ చూసుకుని అక్కర్లేనివి తీసేసుకోడానికి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ చేశాం. చూడ్డానికి మరీ పాతగా ఉందని అందరూ అంటుంటే ఇంటర్‌ఫేస్ మొత్తం మార్చేద్దామనుకున్నాం. ఒకరు పెద్ద ఐకాన్లతో కార్డుల్లా పెడదామంటారు, ఇంకొకరు లిస్టే ఉండనీ అంటారు. రెండు వారాలుగా ఇదే గొడవ. మీరేమంటారు?

జవాబు: లిస్టే ఉంచండి. కానీ అసలు గొడవ పడాల్సింది దాని గురించి కాదు.

ఈ స్క్రీన్‌ని ఎవరూ సరదాకి తెరవరు. డిస్కు నిండిపోయిందనో, సిస్టమ్ నత్తనడక నడుస్తోందనో, ఎప్పుడు వేశామో గుర్తులేని ప్రోగ్రామ్ ఏదో కనబడి టెన్షన్ పట్టుకుంటేనో తెరుస్తారు. డిస్కు నిండినవాళ్లకి సైజు ప్రకారం వరస కావాలి, అనుమానం వచ్చినవాళ్లకి ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం కావాలి. మనమేమో అక్షరక్రమంలో పేర్చి చేతులు దులుపుకుంటాం. పేరు తెలిసినవాళ్లు ఎలాగూ సెర్చ్‌లో కొట్టుకుంటారు కదా! కార్డులు వద్దనేది కూడా ఇందుకే, సైజులు పోల్చి చూడాలంటే అంకెలు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉండాలి, అడ్డదిడ్డంగా పరిచిన డబ్బాల్లో కళ్లు ఎక్కడని తిరుగుతాయి?

ఇక ఆ అంకెలు నిజమేనా అన్నది ఇంకా పెద్ద విషయం. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ప్రోగ్రాముల లిస్టులో ప్రతిదాని పక్కనా సైజూ, అరుదుగా వాడుతున్నారా తరచుగానా అన్నదీ ఉండేవి, గుర్తుందా? ప్రోగ్రామ్‌ని సిస్టమ్‌లో వేసే ఇన్‌స్టాలర్ ఆ వివరాలు ఇవ్వకపోతే పేర్లూ ఫోల్డర్లూ పోల్చి చూసి వేసిన అంచనాలవి. రోజూ తెరిచేదాన్ని పట్టుకుని అరుదుగా వాడుతున్నారంటే ఆ లిస్టులో మిగతావి మాత్రం ఎవరు నమ్ముతారు? ఇప్పటికీ చాలా ప్రోగ్రాముల సైజు, ఇన్‌స్టాలర్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఎస్టిమేటెడ్‌సైజ్ పేరుతో రాసి వెళ్లిన అంకే. తర్వాత ఆ ప్రోగ్రామ్ ఎన్ని జీబీల డేటా దింపుకున్నా అది దానంతట అది మారదు. మీరు ఫోల్డర్లు స్వయంగా లెక్కపెట్టండి, లెక్క తేలేదాకా 'లెక్కిస్తోంది' అని చూపించండి, తేలకపోతే 'తెలీదు' అని రాయండి. తెలీదంటే ఎవరూ కోప్పడరు, తప్పు చెబితేనే కోపం.

తర్వాత తీసేసే బటన్. 'ఖచ్చితంగా తీసేయమంటారా?' అని అడగడం శుద్ధ దండగ, ఎందుకంటే చదవకుండానే అవును నొక్కేస్తారు, నేనూ అంతే. దాని బదులు ఏం పోతుందో, ఏం మిగులుతుందో చెప్పండి: 'ప్రోగ్రామ్ పోతుంది, 1.4 జీబీ ఖాళీ అవుతుంది, మీరు సేవ్ చేసుకున్న ఫైళ్లు ఉంటాయి' అని. ఐఫోన్‌లో 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన ఆఫ్‌లోడ్ చూడండి, యాప్ పోతుంది, దాని డేటా ఉంటుంది, మళ్లీ వేసుకుంటే ఎక్కడ ఆపారో అక్కడి నుంచే. ఆండ్రాయిడ్ 15లో ఆర్కైవ్ కూడా ఇలాంటిదే. విండోస్‌లో అంత తేలిగ్గా కుదరదు, ఏ ప్రోగ్రామ్ డేటా ఎక్కడ దాస్తుందో దానిష్టం. కాబట్టి ఫైళ్లు ఉంటాయన్న మాట మీకు తెలిసినచోటే అనండి.

ఒకేసారి పది ఎంచుకుని తీసేసే వీలు మాత్రం తప్పకుండా పెట్టండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ఒక్కోదానికీ మూడు చుక్కలు నొక్కి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, మళ్లీ అన్‌ఇన్‌స్టాల్ నొక్కాలి, నాలుగోదానికే ఓపిక పోతుంది. అయితే పదింటినీ ఒకేసారి మొదలుపెట్టకండి. చాలా ప్రోగ్రాములను వేసేదీ తీసేదీ విండోస్‌లోనే ఉండే విండోస్ ఇన్‌స్టాలర్, అది ఒకటి అయ్యేదాకా రెండోది పట్టుకోదు, 1618 అనే ఎర్రర్ ముఖాన కొడుతుంది. వరసలో పెట్టి ఒక్కొక్కటే నడపండి.

అన్నట్టు, విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని దాదాపు ఒకే పేరుతో నాలుగైదు కనిపిస్తాయే, అవి వేరే ప్రోగ్రాములు నడవడానికి కావాల్సినవి. డూప్లికేట్లేమో అనుకుని అవి తీసేసి, ఆ తర్వాత గేమ్ తెరుచుకోవడం లేదని తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది. అలాంటివన్నీ 'వేరే ప్రోగ్రాములకు అవసరమైనవి' అని విడిగా ఒకచోట పెట్టండి.

ప్రశ్న: పాత స్క్రీన్‌కి అలవాటుపడ్డవాళ్లు తిడతారేమో, అదీ ఇదీ రెండూ ఉంచితే?

జవాబు: వద్దు. 2015లో విండోస్ 10 అదే చేసింది. కంట్రోల్ ప్యానెల్లో ఒక లిస్టు, సెట్టింగ్స్‌లో ఇంకో లిస్టు, స్టోర్ నుంచి వేసుకున్నవేమో పాతదాంట్లో కనిపించనే కనిపించవు. ఏది పూర్తి లిస్టో ఎవరికి అర్థమవుతుంది? కొత్తది ఒక్కటే ఇవ్వండి, పాత కీబోర్డు షార్ట్‌కట్లు మాత్రం కదపకండి, తిట్లు చాలామటుకు వాటికోసమే పడతాయి.