చెరువులో సగం లోతుంటే సగం నీళ్లున్నట్టేనా?

ప్రశ్న: చెరువు నిండితే తూము దగ్గర లోతు 4 మీటర్లు. ఇప్పుడు 2 మీటర్లుంది. సగం నీళ్లున్నాయని నారు పోసుకోవచ్చా?

జవాబు: సగం లేవు. చెరువు అడుగు తొట్టిలా ఉండదు. కట్ట దగ్గర లోతు, దూరం పోయేకొద్దీ మెరక. మట్టం దిగినకొద్దీ నీరు పరుచుకున్న మేర కూడా కుంచించుకుపోతుంది. అచ్చం గరాటులా ఉంటే సగం లోతులో మిగిలేది ఎనిమిదో వంతే. అడుగు చదునుగా ఉన్నకొద్దీ కాస్త నయం. పైగా తూము గడపకు (తూము రంధ్రం కింది అంచుకు) కిందున్న నీరు పొలానికి రాదు, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

తూము ధార కూడా మోసం చేస్తుంది. అది నీటి ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది. గడప మీద ఎత్తు సగమైనా ధార ఇంకా 71 శాతం ఉంటుంది. ధార సగం కావాలంటే ఎత్తు నాలుగో వంతుకు పడాలి. చూడ్డానికి బాగానే పారుతుంటుంది, చెరువు మాత్రం ఖాళీ అవుతుంటుంది.

సరైన లెక్క కావాలంటే మట్టం అర మీటరు దిగినప్పుడల్లా ఫోన్‌లో విస్తీర్ణం కొలిచే యాప్ పెట్టుకుని నీటి అంచు వెంట నడిచి విస్తీర్ణం రాసుకోండి. పైన 4 హెక్టార్లు, అర మీటరు కింద 3 హెక్టార్లు వస్తే సగటు 3.5, దాన్ని 0.5తో గుణిస్తే 1.75 హెక్టారు మీటర్లు, అంటే 17,500 ఘనపు మీటర్లు. ఆ అర మీటరు మందంలో ఉన్న నీరు అంత. ఒక్క వేసవి ఓపిక పడితే ఏ మట్టానికి ఎంత నీరో పట్టిక తయారవుతుంది. పూడిక చేరాక మళ్లీ కొలవాల్సిందే.

ప్రశ్న: అలుగు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే గోడ) మీద నీరు 10 సెంటీమీటర్ల నుంచి 20కి పెరిగింది, అంతే. కింద వాగు రోడ్డెక్కింది. ఎందుకు?

జవాబు: లోతు రెట్టింపైతే ప్రవాహం దాదాపు 2.8 రెట్లవుతుంది. నీటి మందంతోపాటు వేగమూ పెరుగుతుంది మరి. పైభాగం మందంగా, చదునుగా ఉన్న అలుగు 10 మీటర్ల పొడవుంటే 10 సెంటీమీటర్ల దగ్గర సుమారు 19 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు), 20 దగ్గర 54. కొలబద్దను అలుగు అంచున పెట్టకండి, అక్కడ నీరు వంగి పల్చబడుతుంది. నీటి లోతుకు నాలుగింతల దూరం చెరువు వైపు జరిగి, అలుగు మట్టం నుంచి కొలవండి. అంచున కొలిస్తే లెక్క సగానికి పడిపోవచ్చు.

ప్రశ్న: వాన ఆగినా మట్టం పెరుగుతూనే ఉంది. అలుగు మీద ఇసుక బస్తాలు వేసి ఇంకొంచెం నీరు ఆపుకోవచ్చా?

జవాబు: పైనుంచి వచ్చేది అలుగు మీద పోయేదానికన్నా ఎక్కువున్నంతసేపు పెరుగుతుంది, వాన ఆగిందా లేదా అన్నది కాదు. బస్తాలు వద్దే వద్దు. అలుగుకూ కట్ట తలకూ మధ్య వదిలిన ఎత్తు వరద కోసమే. 30 సెంటీమీటర్లు బస్తాలు పేర్చితే వరద అంత ఎత్తు పైన పారుతుంది. కట్ట కుంగిన చోట నీరు పొర్లిందంటే వెలుపలి వాలు మట్టి కోసుకుపోతుంది. గండి అక్కడే పడుతుంది.