పెన్సిల్ టిక్కు ఏ సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది?

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, ఉద్యోగులకు తెలిసిన పని సంగతులు వాళ్లతోపాటే పోకుండా దాచుకునే నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, డీస్పేస్ పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. పరీక్షల విభాగంలో పదకొండేళ్లు చేశాను కాబట్టి చెబుతున్నా.

డీస్పేస్‌ని తప్పుపట్టడం లేదు. 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, థీసిస్‌లు, పరిశోధన పత్రాలు దాచుకోవడానికి బాగానే పనికొస్తుంది. మేమూ పెట్టుకున్నాం. కానీ మా పని ఆగింది థీసిస్‌ దొరక్క కాదు.

మా సెక్షన్‌లో ఒక సీనియర్ అసిస్టెంట్ రిటైరయ్యారు. ఛార్జ్ అప్పగించే రోజు బీరువా తాళాలు, స్టాంపులు, రిజిస్టర్లు అన్నీ లెక్కపెట్టి సంతకాలు పెట్టించుకున్నాం. రెండు నెలలకు పాత రెగ్యులేషన్‌లో చదివిన ఒకాయన ట్రాన్‌స్క్రిప్ట్ కోసం వచ్చారు. మార్కుల రిజిస్టర్‌లో ఒకే సబ్జెక్టుకు రెండు మార్కులు, ఒకదాని పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు. ఏది లెక్కలోకి తీసుకోవాలి? నలుగురం మూడు రోజులు ఫైళ్లన్నీ తిరగేసి, ఆఖరికి ఆ పెద్దాయనకే ఫోన్ చేస్తే "ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాసి, ఉన్న మార్కులూ తగ్గించుకున్నవాళ్ల గుర్తు బాబూ అది, టిక్కు ఉన్నది వదిలేసి పాతదే వెయ్యి, సర్క్యులర్ ఆ రిజిస్టర్ వెనక అట్టకే అంటించానుగా" అన్నారు. తీసి చూస్తే నిజంగానే ఉంది! స్కానింగ్ వాళ్లు పేజీలు చేసి అట్ట వదిలేశారు.

మాటల్లో పెట్టడం కష్టమైన, చేతికి అలవాటైపోయిన జ్ఞానాన్ని టాసిట్ నాలెడ్జ్ అంటారని, అది పక్కన కూర్చుని కలిసి పనిచేస్తే అబ్బుతుందని 1995లో జపాన్ మేనేజ్‌మెంట్ పండితులు నొనాకా, టకేవుచి కంపెనీల గురించి రాశారు. అయితే మా టిక్కు మాటల్లో చెప్పలేనిదేం కాదు, ఎవరూ అడగలేదు, అంతే. పైగా డీన్లు, హెడ్లు రొటేషన్ మీద మారిపోతారు, ఫైల్లో "ఆమోదించడమైనది" అని ఉంటుంది తప్ప ఎందుకు ఆమోదించారో ఒక్క ముక్క ఉండదు.

తర్వాత మేం చేసింది చిన్న పనే. రిటైరయ్యేవారి పక్కన కొత్త మనిషిని ఒక పరీక్షల సీజన్ మొత్తం, నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా కూర్చోబెట్టాం. నోట్సు రాయాల్సింది కొత్త మనిషే, ఎందుకంటే ముప్పై ఏళ్లు చేసినవారికి అన్నీ మామూలు విషయాల్లాగే కనిపిస్తాయి, ఏది చెప్పాలో తోచదు. కొందరు చెప్పడానికి ఇష్టపడలేదు కూడా, తెలిసింది చెప్పేస్తే తమ అవసరం తీరిపోతుందని భయం. వాళ్లను బతిమాలుకున్నాం.

సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత చూసుకోండి, వెతికితే దొరికేదైతే ఏదైనా ఒకటే. స్కాన్ చేయించేటప్పుడు మాత్రం అట్టలు కూడా చేయించండి.