‘సహచర పునరుద్ధరణ నిపుణుడు’ అంటే ఎవరు?

సందేహం: మేం వర్జీనియాలో ఉంటాం. తాగుడు నుంచో మత్తుమందుల నుంచో బయటపడ్డ మనిషి, శిక్షణ పొంది, అదే బాధలో ఉన్న ఇంకొకరికి అండగా నిలిచే ఉద్యోగం ఒకటి ఇక్కడ ఉంది. ఇంగ్లీషులో ‘రిజిస్టర్డ్ పీర్ రికవరీ స్పెషలిస్ట్’ అంటారు. మనవాళ్ల కోసం వేసే కరపత్రంలో ‘ధృవీకృత సహచర పునరుద్ధరణ నిపుణుడు’ అని రాశాం. చదివిన పెద్దాయన ఒకరు “ఈయన ఏ శాఖ ఇంజినీరమ్మా?” అన్నారు. ఎలా రాస్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు

సమాధానం: పెద్దాయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పునరుద్ధరణ అన్నది మనకు తుపాను తర్వాత కరెంటుకు, రద్దయిన రైలుకు, పాడుబడ్డ గుడికి జరిగేది. మనిషి కోలుకుంటాడు. జ్వరం నుంచి, దెబ్బ నుంచి, అప్పుల నుంచి కూడా. పైగా ఆ రంగంలోవాళ్లు పట్టింపుగా చూసే ఒక తేడా ఈ క్రియలో చక్కగా ఇముడుతుంది. ‘కోలుకున్నవారు’ అంటే పని ముగిసింది. ‘కోలుకుంటున్నవారు’ అంటే ఇంకా సాగుతోంది. ఏళ్ల తరబడి చుక్క ముట్టనివాళ్లలో కూడా చాలామంది తమ గురించి రెండో మాటే చెప్పుకుంటారు. ‘మందు మానేసినవారు’ అంటే అందరికీ తెలుస్తుంది గానీ, మాత్రలకు, ఇంజెక్షన్లకు అలవాటుపడినవాళ్లు అందులోకి రారు.

‘సహచర’తో చిక్కు ఇంకా ఎక్కువ. సహచరి అంటే భార్య అనే అర్థం బాగా స్థిరపడింది. పోనీ ‘తోటి’ అందామా? తోటికోడలు అన్నామంటే నేనూ ఆ ఇంటి కోడలినే. తోటి ఉద్యోగి అంటే నేనూ ఉద్యోగినే. ఆ లెక్కన ‘తోటి నిపుణుడు’ ఒక నిపుణుడి పక్క కుర్చీలో ఉన్న ఇంకో నిపుణుడు అవుతాడు. ఇక్కడి సాటితనం సాయం చేసేవారికీ అందుకునేవారికీ మధ్య ఉన్నది. కాబట్టి దాన్ని విశేషణంగా ముందు తగిలించకుండా ‘కోలుకుంటున్న తోటివారికి తోడుండేవారు’ అని విప్పి చెప్పాలి.

నిపుణుడు, స్పెషలిస్టు అనగానే మనకు గుండె స్పెషలిస్టు, ఎముకల స్పెషలిస్టు గుర్తొస్తారు. ఈ ఉద్యోగి మందులు రాయరు, జబ్బు ఫలానా అని తేల్చరు. తాను అదే బాధపడి బయటపడటమే ఆయనకు మొదటి అర్హత. కరపత్రంలో ఇది ఒక వాక్యంగా ఉండి తీరాలి, లేకపోతే వచ్చినవాళ్లు ప్రిస్క్రిప్షన్ అడుగుతారు.

అసలు తప్పు మాత్రం ‘ధృవీకృత’ దగ్గర జరిగింది. అది ‘సర్టిఫైడ్’కు సరిపోయే మాట, ‘రిజిస్టర్డ్’కు కాదు. ఈ అర్హతల్ని అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది, పేరు కూడా మారిపోతుంది. న్యూయార్క్‌లో ‘సర్టిఫైడ్ రికవరీ పీర్ అడ్వొకేట్’, మసాచుసెట్స్‌లో ‘రికవరీ కోచ్’. ఈ సేవలకు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) సొమ్ము కావాలంటే శిక్షణ, అర్హతా పత్రం, పైవారి పర్యవేక్షణ ఉండాలని 2007లోనే కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. సామ్సా అనే కేంద్ర సంస్థ 2023లో నమూనా ప్రమాణాలు కూడా ప్రకటించింది, కానీ పాటించడం రాష్ట్రాల ఇష్టం.

మీ వర్జీనియాలో మెట్లు విడివిడిగా ఉన్నాయి. 72 గంటల తరగతులు పూర్తిచేస్తే చేతికొచ్చేది శిక్షణ సర్టిఫికెట్. ఆపైన పని అనుభవం చూపించి పరీక్ష గట్టెక్కితే సర్టిఫికేషన్. అదయ్యాక రాష్ట్ర కౌన్సెలింగ్ బోర్డు జాబితాలో పేరెక్కితేనే రిజిస్ట్రేషన్. మెడికెయిడ్ బిల్లుకు పనికొచ్చేది ఇదే. ‘రిజిస్టర్డ్’ను మీరు ‘ధృవీకృత’ అన్నారంటే పాపం ఆయన్ని ఒక మెట్టు కిందికి దించేశారు! అలాగని ‘లైసెన్సు పొందిన’ అన్నా కుదరదు. ఈ హోదాకు లైసెన్సు లేదు, అది పనిచేయించుకునే సంస్థకు ఉంటుంది. ‘నమోదైన’ అంటారా, మన చెవికి దాని వెనకే ‘కేసు’ వినిపిస్తుంది.

చట్టం ఒక పేరుకు ఒక అర్థం బిగించాక, ఆ పేరును అనువదించకూడదని నా అభిప్రాయం. తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాసి, పక్కనే విషయం చెప్పాలి. ఉత్త పేరు వదిలేస్తే ఏమవుతుందో మన ఊళ్ల ‘ఆర్‌ఎంపీ డాక్టర్ల’ను చూస్తే తెలుస్తుంది: అందులోని ‘ఆర్’ రిజిస్టర్డ్ అన్న సంగతే ఎవరికీ గుర్తులేదు, ఏ రిజిస్టరులోనూ లేనివారికే ఆ పిలుపు స్థిరపడిపోయింది.

మీ కరపత్రానికి ఇలా రాయండి:

“రిజిస్టర్డ్ పీర్ రికవరీ స్పెషలిస్ట్ – తాగుడు, మత్తుమందులు, మానసిక సమస్యల నుంచి తాము కోలుకుంటూ, తోటివారికి తోడుండేవారు. వీరు శిక్షణ పొంది, వర్జీనియా కౌన్సెలింగ్ బోర్డులో పేరు నమోదు చేయించుకున్నవారు. డాక్టర్లు కారు.”

‘వ్యసనపరులు’ అన్న మాట కావాలనే వాడలేదు. సప్తవ్యసనాల కాలం నుంచి దానికి తిట్టు వాసన ఉంది.

ఇక వర్ణక్రమం. ధృతరాష్ట్రుడిలో ఉన్నది ఋకారం, ధ్రువుడిలో ఉన్నది రేఫ. కాబట్టి ధ్రువీకరణ, ధ్రువపత్రం. ‘ధ్రువీకృత నకలు’ సరే గానీ, ‘ధ్రువీకృత మనిషి’ తెలుగు కాదు. మనం ధ్రువీకరించేది విషయాన్ని, కాగితాన్ని. బహువచనం రాయాల్సివస్తే ‘స్పెషలిస్టులు’ అనండి, కురచగా ‘పీర్లు’ అనకండి. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు మొహర్రం ఎప్పుడని అడుగుతారు.