మాట వినపడాలె: మొదటి ఆల్బమ్ చేస్తున్న తమ్మునికి

తమ్మీ,

తొమ్మిది పాటలు రాసిపెట్టుకున్నవు, దసరా లోపల ఆల్బమ్ తేవాలని చూస్తున్నవు, ఏ మైకు కొనాల్నని అడిగినవు. మైకు సంగతి తర్వాత. తెలుగు ర్యాప్ విన్నోళ్లు "బీట్ మంచిగుంది గాని ఏమన్నడో సమజ్ కాలే" అని పక్కన పెడతరు. ఆ మాట పడకుండ చూసుకునుడు రాతకాడనే మొదలైతది.

బార్ అంటే నాలుగు బీట్ల వరుస. ఒక్కో బార్‌కు 16 మాత్రలని లెక్క పెట్టుకో. 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) బీట్‌ల ఒక బార్ 2.67 సెకన్లు, 16 బార్ల చరణం సుమారు 43 సెకన్లు. బడిల చదివిన లఘువు, గురువు ఇక్కడ అక్కరకొస్తయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. 'మాట', 'మట్టి', 'మనది' మూడూ మూడేసి మాత్రలే, అయినా చెవికి ఒక్కతీరుగ పడవు. 'మట్టి' అన్నప్పుడు ద్విత్వంకాడ నాలుక గాలిని ఒక్క క్షణం ఆపుతది. ఆ ఆగుడు దరువు లెక్క పనిచేస్తది. గట్టిగ తగలాల్సిన కాడ ద్విత్వం, సాగాల్సిన కాడ దీర్ఘం పెట్టు.

'కోట గోడ నీడలోన' అని అనిచూడు. మూడు మూడు చొప్పున 12 మాత్రలు. మిగిలిన 4 మాత్రలు ఒక బీట్, అంటే 0.67 సెకను, ఊపిరికి. మాట మూడింటి నడకల, కింద డ్రమ్ము నాలుగింటి నడకల పోయి, సరిగ్గ నాలుగో బీట్ మీద, స్నేర్ (డ్రమ్ముల గట్టి దెబ్బ) పడేకాడ కలుస్తయి. మాట ఆగంగనే స్నేర్ మోగుతది. కొత్తగ రాసేటోళ్లు ఆ 4 మాత్రలు గూడ నింపేస్తరు. పాడేటప్పుడు ఊపిరందక చివరి అక్షరం మింగుతరు. ప్రాస పదమే మాయమైతది.

ప్రాస గురించి ఇంకొక్క మాట. మన పదాలు అచ్చుతోని ముగుస్తయి. వస్తా, చేస్తా, తెస్తా అని అంత్యప్రాస వద్దన్నా కలుస్తది. అందుకే నాలుగు లైన్లకే వినేటోనికి విసుగొస్తది. రెండో అక్షరం మీద ప్రాస పట్టు: కోట, మాట, బాట. పాలకుర్తి సోమనాథుడు రాసిన ద్విపదల గూడ రెండు పాదాలను కట్టేది ఆ ప్రాసనే. లైన్ మొదట్ల ఒకటి, నడుమ ఒకటి పెడితే చివర కలవకున్నా చెవి ఒప్పుకుంటది. యాస మాత్రం మార్చకు. ఇంట్ల మాట్లాడినట్టే పాడు. సగం పుస్తకం, సగం వరంగల్ అయితే రెండూ అతకవు.

రూము సంగతి. మైకు కంటె గోడలే ఎక్కువ చెడగొడతయి. కొత్తవాడ జంపఖానాలు నాలుగు తెచ్చుకో. చాలామంది మైకు ఎనుక కడతరు, అది తప్పు. కార్డియాయిడ్ మైకు తన ముందర ఉన్నది వింటది, అంటే నీ ఈపు ఎనుక గోడను. మొదటి జంపఖానా అక్కడ, రెండు మడతలేసి, గోడకు బెత్తెడు ఎడంగ వేలాడదియ్యి. తర్వాత పక్క గోడలకు. దీంతోని గణగణ పోతది గాని మూలలల్ల బాస్ గుయ్యిమనుడు పోదు. దానికి మూలలకు పరుపులు నిలబెట్టు, నువ్వు మూలకు నిలబడకు. ఫ్యాన్, కూలర్ బంద్. ఎండకాలం అయితే పొద్దుగాల ఐదింటికే మొదలుపెట్టు. గణపతి నవరాత్రుల రాత్రులు మాత్రం రికార్డింగ్ పెట్టుకోకు.

రికార్డింగ్ సెట్టింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టు. ఎంత గట్టిగ అరిచినా మీటర్ -6 డెసిబెల్స్ దాటొద్దు, మామూలుగ -10 దగ్గర ఆడాలె. మైకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, నడుమ గాలి దెబ్బ ఆపే జాలి, పాప్ ఫిల్టర్. ప, బ, భ దగ్గర గాలి కొడుతుంటె మొఖం కొంచెం పక్కకు తిప్పి పాడు. లీడ్ (అసలు గొంతు) ఒకటి మంచిగ తీసినంక ప్రాస పదాల మీద మాత్రమే డబుల్స్ (అదే మాట మళ్ల పాడి మీద కలిపేవి) తియ్యి, లీడ్ కంటె 6 నుంచి 8 డెసిబెల్స్ తక్కువ. మొత్తం చరణానికి డబుల్ ఏస్తే మాట మసకబారుతది. రోజుకు రెండు గంటలు మించి పాడకు, గొంతు బొంగురుపోతె మూడు రోజులు పోతయి.

మూడో పాటల డప్పు పెడతనన్నవు, చాలా మంచిది. దాన్ని శాంపిల్ ప్యాక్‌ల వెతకకు, కొట్టేటోళ్లను పిలువు. తోలు మంటకు కాపినంక కొంతసేపే బిగువుగ ఉంటది, అందుకే అన్నీ సిద్ధం చేసుకున్నాకనే కాపమను. మైకు మూడడుగుల దూరం, గెయిన్ (మైకు చప్పుడును పెంచే స్థాయి) బాగ తగ్గించు. సిర్ర (డప్పు కొట్టే కర్ర) దెబ్బ ఒక్కసారిగ ఎగురుతది. పైసలు అదే రోజు ఇయ్యి, క్రెడిట్ల పేరు ఎట్ల రావాల్నో వాళ్లనే అడిగి కాగితం మీద రాయించుకో.

బీట్ మీద 'ఫ్రీ' అని ఉన్నా అమ్ముకునే హక్కు నీకు వచ్చినట్టు కాదు. లీజా (ఇంకొకరికి గూడ ఇస్తరు), ఎక్స్‌క్లూజివా (నీకొక్కనికే) చదువు. స్టెమ్స్ (డ్రమ్ము, బాస్ వేరువేరు ఫైళ్లు) ఇచ్చే లైసెన్స్ తీసుకుంటె మిక్సింగ్‌ల చేయి ఆడుతది. పాత పాట ముక్క వాడాలంటె రెండు అనుమతులు కావాలె: రికార్డింగ్‌ది ఒకటి, మాట-బాణీది ఇంకొకటి. నీ సాహిత్యానికి ఐపీఆర్‌ఎస్‌ల, అంటే పాటల రాయల్టీ వసూలు చేసిచ్చే సంఘంల, సభ్యత్వం తీసుకో.

మిక్సింగ్‌ల గొంతును 80 హెర్ట్జ్ కింద కోసి, బీట్‌ల 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యన రెండు మూడు డెసిబెల్స్ దించు. మాటకు అదే దారి. ఆ పాట ఎన్నడూ వినని మనిషిని కూసోబెట్టి, ఫోన్ స్పీకర్‌ల పెట్టి, విన్నది కాగితం మీద రాయమను. 16 బార్లల్ల మూడు మాటల కంటె ఎక్కువ తప్పు పోతె ఆ చరణం మళ్ల పాడు. తర్వాత ఆటోల విను, కారుల విను. 808 బాస్ (డ్రమ్ మెషిన్ లోతు బాస్) ఫోన్‌ల మాయమైతుంటె దానికి కొంచెం సాచురేషన్ (శబ్దానికి కరుకుదనం) ఇయ్యి. మాస్టరింగ్ (మిక్స్ అయినంక చివరి మెరుగు) తొమ్మిది పాటలకూ ఒక్కసారే చేయించు. గట్టిగ మోగాలని పిండకు, స్పాటిఫై మామూలుగ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (మోతను కొలిచే లెక్క) దించుతది.

ఫైళ్లు డిస్ట్రిబ్యూటర్‌కు (పాటను యాప్‌లకు చేర్చేటోళ్లు) నాలుగు వారాల ముందే పోవాలె. కవర్ 3000 పిక్సెల్స్ చదరం. స్పాటిఫై ప్లేలిస్ట్‌ల కోసం విడుదలకు కనీసం 7 రోజుల ముందు పాటను పంపాలె, ఒకసారి ఒక్క పాటనే తీసుకుంటరు. విడుదలైన రోజు పంపితె పని కాదు.

ఇగ జనం ఏమంటరనేది. స్పాటిఫైల 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ లెక్క, 2024 నుంచి ఏడాదిల 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకు పైసలు రావు. అందుకని మాట మొదలయ్యేదాక మూడు బార్ల కంటె, అంటే 8 సెకన్ల కంటె, ఎక్కువ తీసుకోకు. స్ట్రీమ్స్ కొనకు తమ్మీ. దొరికితె పాటనే తీసేస్తరు. అదీగాక ఎవరు నిజంగ విన్నరో నీకే తెలువకుండ పోతది.

మొదటి మూడు రోజులు ఏ కామెంట్‌కూ ఎదురు మాట్లాడకు. "సూపర్ అన్న" అన్నదాన్నీ, తిట్టినదాన్నీ రెండింటినీ పక్కన పెట్టు. యూట్యూబ్‌ల రిటెన్షన్ గీత (ఎంతమంది ఎక్కడిదాక చూసిన్రో చూపేది) ఎక్కడ పడిపోయిందో చూడు. ఒకరికొకరు తెలువని ముగ్గురు ఒకే సెకను దగ్గర వేలు పెడితె తప్పు అక్కడ ఉన్నట్టే. "యాస తెలుస్తలేదు" అంటె యాస మార్చకు, వీడియోల మాటలు తెలుగు అక్షరాలల్ల ఎయ్యి. యూట్యూబ్‌ల ఎక్కిన వీడియో తీసి అదే లింకుల కొత్తది పెట్టే వీలు లేదు, మళ్ల ఎక్కిస్తే వ్యూస్ సున్నా నుంచి మొదలు. కాబట్టి ఆ కాగితం పరీక్ష విడుదలకు ముందే అయిపోవాలె.

మైకు అడిగినవు కద. జంపఖానాలు కట్టినంక రూముల చప్పట్లు కొట్టి విను. ఇంకా గణగణ ఉంటె డైనమిక్ మైకు (చుట్టుపక్కల చప్పుడు తక్కువ పట్టేది), లేకుంటె కండెన్సర్ (సన్న చప్పుడు గూడ పట్టేది). ముందు మూడో పాట రఫ్ మిక్స్ పంపు, ఎంపీ3 వద్దు, 24 బిట్ వేవ్ ఫైల్. మాటలు రాసి పంపకు. విని నేనే రాస్త.

మీ అన్న