రోజుకు పన్నెండు గంటలు చదివినా గుర్తుంటలేదా? పాలమూరు రూములో నాకు తెలిసొచ్చింది ఇది

తమ్ముడూ, డిగ్రీ అయిపోయింది, పాలమూరుల ఉండి గ్రూప్-2 సర్కారు కొలువు పరీక్షకు రోజుకు పన్నెండు గంటలు చదువుతున్న, వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్న అన్నవు. గంటలు పెంచాల్నా, హైదరాబాద్‌ల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ పోవాల్నా అని అడిగినవు.

గంటలైతే పెంచకు. నేను పెంచి చూసిన. మాది అచ్చంపేట దిక్కు పల్లె. 2018ల వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) నోటిఫికేషన్ పడ్డప్పుడు పాలమూరుల ముగ్గురం కలిసి రూము తీసుకున్నం. 700 పోస్టులు. పొద్దున గ్రంథాలయం తలుపు తీసేసరికే మెట్ల మీద కూసునేటోణ్ణి. ఒక్కో పుస్తకం నాలుగుసార్లు తిప్పిన. మొదటిసారి పెన్సిల్ గీత, రెండోసారి ఎర్రపెన్ను, మూడోసారి పచ్చ స్కెచ్. నాలుగోసారికి గీత లేని లైను దొరకలే.

పరీక్ష నెల రోజులు ఉందనంగ మా రూమ్మేట్, మిర్యాలగూడ పిలగాడు, పుస్తకం గుంజుకొని "మూసీ కృష్ణల ఎక్కడ కలుస్తది?" అన్నడు. ఆ పేజీ నా కండ్ల ముందట ఉన్నది. ఎడమ దిక్కు, కింది నుంచి మూడో లైను, పచ్చరంగు, పక్కన చాయ్ మరక. ఊరి పేరే వస్తలేదు. "వాడపల్లి రా, మా ఇంటికాడనే" అని వాడు నవ్విండు. నాకు చెమటలు పట్టినయ్. చాయ్ మరక గుర్తున్నది, జవాబు లేదు!

అయినా అప్పుడు మారలే. సిలబస్ అయిపోవాలె అనే ధ్యాసలనే ఉన్న. సెప్టెంబర్ 16న పరీక్ష రాసిన, పోయింది. (ఆ వీఆర్వో వ్యవస్థనే 2020ల రద్దు చేసిన్రు. మా నాయిన ఇప్పటికీ అది చెప్పి నన్ను ఓదారుస్తడు.)

చదివిందే మళ్లా చదివితే కండ్లకు అలవాటైతది, మనం అది వచ్చింది అనుకుంటం. దీని మీద అమెరికాల రోడిగర్, కార్పికి అనేటోళ్లు 2006ల ఒక ప్రయోగం అచ్చేసిన్రు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన్రు, కొందరు ఒకసారి చదివి, చూడకుండ గుర్తు తెచ్చుకొని రాసిన్రు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినోళ్లే ముందున్నరు. వారం ఆగి పెడితే తలకిందులైంది, రాసి చూసుకున్నోళ్లకే ఎక్కువ గుర్తున్నది. నువ్వు "రాత్రి అంత వచ్చినట్టే ఉంటది, వారానికి పోతది" అన్నవు చూడు, సరిగ్గ అదే.

ఆ తర్వాత గ్రూప్-4 పరీక్షకు నేను చేసింది చెప్త. మా నాయిన పత్తి, పల్లికాయ అమ్మిన తక్‌పట్టీలు (అమ్మకం రసీదులు) ఇంట్ల సంచెడు ఉండె. వెనక దిక్కు తెల్లగ ఉంటయ్. వాటిని చింపి చీటీలు చేసిన. ఒక పాఠం చదువుడు, పుస్తకం మూసుడు, పది నిమిషాలు గుర్తున్నదంత రఫ్ నోట్‌బుక్‌ల రాసుడు. అప్పుడు పుస్తకం తెరిచి చూస్తే, ఏది రాయలేదో దానికే చీటీ. వచ్చినదానికి చీటీ దండుగ.

చీటీకి ఒక్కటే ప్రశ్న. మొదట్ల నేను "610 జీవో" (తెలంగాణ కొలువులు స్థానికులకే దక్కాలని తెచ్చిన సర్కారు ఉత్తర్వు) అని పైన పెట్టి కింద పేరా మొత్తం ఎక్కించిన. అది చీటీ కాదు, చిన్న గైడు. తర్వాత విడగొట్టిన. ఒకదాని మీద "610 జీవో ఎప్పుడు?", వెనక 1985 డిసెంబర్ 30. ఇంకోదాని మీద "ఏ జోన్ల గురించి?", వెనక 5, 6 జోన్లు (అప్పటి తెలంగాణ జిల్లాలు), అక్కడ చేరిన స్థానికేతరులను వాపసు పంపుడు. మూడు చాయ్‌పత్తి డబ్బాలు పెట్టుకున్న. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి. జవాబు కరెక్టైతే తర్వాతి డబ్బాలకు పోతది, తప్పైతే మొదటి దాంట్లకే వాపస్. పత్తి ఏరే దినాలల్ల ఇంటికి పోవాల్సొచ్చేది, అంగి జేబుల ఇరవై చీటీలు ఏసుకొని పోయేటోణ్ణి.

ఇంకొకటి, ఒకేతీరుగ ఉండేటివి విడివిడిగ చదివితే పరీక్షల కలగాపులగం అయితయ్. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాలప్పుడు కేంద్రం ప్రకటించినయే చూడు: అష్టసూత్ర పథకం 1969, పంచసూత్ర 1972, ఆరు సూత్రాలది 1973. నాకు ఎనిమిది, అయిదు, ఆరు ఎప్పుడూ తారుమారు అయ్యేటియి. మూడు చీటీలూ ఒకే రోజు కలిపి, వరుస మార్చి తీసినంకనే నిలిచినయ్. అరిథ్మెటిక్ కూడ అంతే, ఒకే మోడల్ ముప్పై లెక్కలు కాకుండ కలిపి చెయ్యి. సొల్యూషన్ వీడియో చూసుడు లెక్క చేసుడు కాదు.

కరెంట్ అఫైర్స్‌కు నెలకు ఒక్క మ్యాగజైన్ చాలు.

ఆదివారం పాత పేపర్, 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, ఓఎంఆర్ (జవాబుకు గుండ్రాలు దిద్దే షీటు) జిరాక్స్ మీద. గుండ్రాలు దిద్దకుండ ప్రాక్టీస్ చేస్తే లాభం లేదు. 2018ల నేను దిద్దుడు ఆఖరి పది నిమిషాలకు పెట్టుకున్న, ఎక్కడో ఒక నంబర్ జారింది, కిందివన్నీ జరిగినయ్. ఎన్ని పోయినయో నాకే తెల్వదు. తర్వాత పేజీ అయిపోంగనే ఆ పేజీవి దిద్దుడు అలవాటు చేసుకున్న.

తెల్లారగట్ల లేస్తె మంచిగ ఎక్కుతదంటరు. నాకు ఎక్కలే, మధ్యాహ్నం నిద్ర ఎక్కింది. రాత్రి పదిన్నరకు పండుకునేది, ఆరింటికి లేచేది. గట్టిగ చదివింది ఆరేడు గంటలే. ఆ టైంల ఫోను ఇంటి ఓనర్ పెద్దమ్మ చేతుల పెట్టేటోణ్ణి. "మళ్ల అడగకు బిడ్డా" అని బియ్యం డబ్బాల పెట్టి మూత పెట్టేది. 2023 జూలై 1న గ్రూప్-4 రాసిన, ఇప్పుడు జూనియర్ అసిస్టెంట్‌గ చేస్తున్న.

ఇగ అశోక్‌నగర్ సంగతి. పోయినోళ్లు గెలిచిన్రు, పోయినోళ్లే ఓడిన్రు. నువ్వు నెల రోజులు పాలమూరులనే ఈ చీటీలు నడిపి, నాలుగు ఆదివారాల మార్కులు గోడ మీద రాసుకో. మార్కులు పెరుగుతుంటే రూము కిరాయి, మెస్ పైసలు ఎందుకు దండుగ? పెరగకుంటే ఏ సబ్జెక్టుల ఆగినవో ఇక్కడ రాయి, చూద్దాం.